నవాబు తిన్న ఉప్పు

మా అమ్మాయి నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. కారణం సామాన్యమైనది కాదు. ఇద్దరం వారాల తరబడి కలిసి చూస్తున్న ఒక సీరియల్ ఆఖరి భాగాన్ని, తను ఆఫీసుకి పోయిన పూట, నేను గది తలుపు వేసుకుని ఒంటరిగా చూసేశాను. చూసి ఊరుకుంటే బతికిపోయేవాణ్ణి. సాయంత్రం తను ముచ్చటగా మరమరాల గిన్నె ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంది. మొదటి దృశ్యంలోనే, "అయ్యో పాపం, వీడు పోతాడు" అని నోరు జారాను.

"నాన్నా! దిసీజ్ బిట్రేయల్!" అంది లేచి నిలబడి.

"తెలుగులో తిట్టమ్మా, ఒంటికి పడుతుంది," అన్నాను.

కోపంలో కూడా వెతుక్కుంది పాపం. "మోసం చేశావు."

"మోసమంటే ఎర్రగా ఉంటుందని చెప్పి తెల్ల పుచ్చకాయ అంటగట్టడం. అంత చిన్నదా నా నేరం?"

"అయితే వెన్నుపోటు."

"అది రాజకీయాలవాళ్లు గుత్తకి తీసుకున్నారు. మనబోటి గృహస్థులకి దొరకదు."

"ద్రోహం! నువ్వు నాకు ద్రోహం చేశావు, చాలా?"

ఆ మాట చెవిన పడగానే గుప్పున ఇంగువ వాసన వచ్చింది. మా వంటింట్లో పొయ్యి వెలగలేదు, పోపు వేగలేదు. పక్క ఫ్లాటువాళ్లు ఊళ్లో లేరు. అయినా వాసన వచ్చింది. హుస్సేనీ ఆలంలో ఒక సందులోంచి బయల్దేరి, మూసీ దాటి, ఇన్నేళ్లు నడిచి, లిఫ్టు కూడా ఎక్కకుండా మెట్ల మీదుగా నా ముక్కు దాకా వచ్చింది.

మేం నాన్న ఉద్యోగం వేలు పట్టుకుని కోస్తా నుంచి హైదరాబాదు వచ్చినవాళ్లం. నాన్న సర్కారు దఫ్తరులో గుమాస్తా. మేం అద్దెకున్న సందు ఎంత ఇరుకంటే, ఇద్దరు లావుపాటి మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడుచుకుంటూ చార్మినారు దాకా పోయి రావలసిందే. ఎండ కూడా అందులోకి పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని వచ్చేది.

అలాంటి సందులోకి మా నానమ్మ తన ఊరి నుంచి రెండు వస్తువులు తెచ్చుకుంది. మొదటిది ఇంగువ డబ్బా. దాని మూత తీస్తే సందు చివర కట్టేసిన మేకలు తుమ్మేవి. రెండోది ద్రోహం అనే మాట. మా ఇంట్లో ఉప్పు కంటే ఆ మాట వాడకం ఎక్కువ. పెరుగు తోడుకోకపోతే ద్రోహం. కిరసనాయిలు స్టవ్వు పప్పు సగం ఉడికాక ఆరిపోతే నమ్మకద్రోహం. చీపురు పుల్లలు రాలిస్తే స్వామిద్రోహం, ఎందుకంటే అది ఇన్నాళ్లూ మన ఇంటి మూల తిని బతికింది. నాన్న ఇంట్లో కాఫీ కాదని ఇరానీ హోటల్లో చాయ్ తాగొస్తే మాత్రం రాజద్రోహం. చొక్కా మీద ఉస్మానియా బిస్కెట్టు పొడి సాక్ష్యం. శిక్షగా ఆ రాత్రి నాన్నకి చారులో తాలింపు ఉండేది కాదు.

అలాగని ఆవిడ ఆ మాటని ఎక్కడ పడితే అక్కడ విసిరే మనిషి కాదు. ఆవిడకో శాస్త్రం ఉంది. ఒకసారి దోమలు కుట్టి నా ముఖం గారెలా ఉబ్బితే, "దోమలు ద్రోహం చేశాయి నానమ్మా" అన్నాను, ఆవిడ మెప్పు కోసం.

"దోమ ద్రోహం చెయ్యదురా వెర్రినాగన్నా," అంది. "దాన్నెవరు నమ్మారు? అది చెవిలో పాటపాడి, చెప్పి మరీ వస్తుంది. ద్రోహం చేసింది దోమతెర. దాన్ని నమ్మి పడుకున్నాం కదా!"

ఇన్నేళ్లలో ఎన్నో నిఘంటువులు తిరగేశాను గాని, ఆ మాటకి ఇంతకంటే మంచి అర్థం నాకెక్కడా దొరకలేదు.

మేమున్న ఇల్లు పూజారి తాతది. సందు మొదట్లో ఉన్న చిన్న గుడిలో తరతరాలుగా వాళ్లే అర్చకులు. పొద్దున దేవుడికి, మధ్యాహ్నం నుంచి పావురాలకి ఆయన సేవ చేసేవాడు. దేవుడికి వెయ్యి పేర్లుంటే, మిద్దె మీది పావురాలకి ఆయన పెట్టిన ముద్దుపేర్లు అంతకు మించే ఉంటాయి. నశ్యం పీల్చి పీల్చి ఆయన ముక్కు తన ఉద్యోగానికి ఎప్పుడో రాజీనామా ఇచ్చింది. హారతి కర్పూరానికీ మాడిన రొట్టెకీ తేడా తెలియని ముక్కు అది.

దానికి ప్రాయశ్చిత్తమా అన్నట్టు ఎదురింటి చాచాకి దేవుడు ఇద్దరి ముక్కూ కలిపి ఇచ్చాడు. ఆయనకి అత్తరు దుకాణం ఉండేది. ఆయన సందు మలుపు తిరగకముందే ఆయన అత్తరు వచ్చి మా గుమ్మంలో కాలుమీద కాలేసుకుని కూర్చునేది. మా నాన్న పక్కనుంచి పోతుంటే గాలి పీల్చి, "ఏం సారూ, సబ్బు మార్చిన్రు?" అనేవాడు. ఆయన మిద్దె మీద కూడా పావురాలే.

పావురాలవాళ్లకి ఒక చట్టం ఉంది. పరాయి పావురం మన మిద్దె మీద దిగితే అది మనదే. ఏడ్చినా, మొత్తుకున్నా, ఏ కోర్టుకి పోయినా వాపసు రాదు. కాని తాతా చాచా చెడ్డీలు వేసుకున్న నాటినుంచి దోస్తులు. అంచేత వాళ్లిద్దరి మధ్యా ఆ చట్టం చెల్లదని ఒప్పందం ఉండేది. ఒకరి పావురం దారితప్పి రెండోవారి మిద్దె మీద దిగితే, అదే సాయంత్రం చంకలో పెట్టుకుని వెళ్లి అప్పగించాలి. అప్పగించినవాడికి అవతలివాడు అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ తాగించాలి. ఆ చాయ్ కోసం ఇద్దరూ తమ పావురాలకి దారి తప్పడమెలాగో నేర్పేవారని నా అనుమానం. సాసర్లో చాయ్ పోసుకుని వాళ్లు జుర్రుతుంటే ఆ చప్పుడుకి రోడ్డు మీద సైకిళ్లు పక్కకి తప్పుకునేవి. మధ్యలో కూర్చున్న నాకు బిస్కెట్టు వాటా వచ్చేది.

తాత పావురాల్లోకెల్లా నవాబు వేరు. తెల్లటి ఒళ్లు, మెడ చుట్టూ గోధుమరంగు పట్టీ, పాదాల దాకా ఈకల పైజమా. అది మిద్దె మీద నడుస్తుంటే పిట్టగోడ కూడా లేచి సలాం కొడుతుందేమో అనిపించేది. తాత తన కొడుకులని తిట్టేవాడు, మనవళ్లని కసిరేవాడు, నవాబుని మాత్రం "బిడ్డా" అని పిలిచేవాడు.

ఆ వేసవిలో నానమ్మ పేల వడియాలు పెట్టింది. పేలాలు, బూడిదగుమ్మడి తురుము, పచ్చిమిర్చి, ఉప్పు, వీటన్నిటి మీదా ఇంగువ పరిపాలన. తడిచీరతో మడి కట్టుకుని, నన్ను ఆమడ దూరంలో నిలబెట్టి, మా మిద్దె మీద మొదటి వాయి పరిచింది. పొద్దెక్కేసరికి ఎండ గోడ చాటుకి పోయింది. ఆ నీడలో తాతగారి పావురాలు వడియాల మీద చెయ్యకూడని పని చేసిపోయాయి.

"పావురాలది తప్పు కాదు, వాటిని నేను నమ్మలేదు. ఎండ చేసిందిరా ద్రోహం," అంది నానమ్మ, సూర్యుడి వైపు వేలు చూపిస్తూ. సూర్యుడు మబ్బు చాటుకి తప్పుకోవడం నా కళ్లారా చూశాను.

ఎదురింట్లో చాచీ ఉండేది. నానమ్మ ఆవిడని బీబమ్మ అనేది. నానమ్మకి ఉర్దూ రాదు, చాచీకి తెలుగు రాదు. అందుకే వాళ్లిద్దరికీ ఎప్పుడూ మాట తేడా రాలేదు. కిటికీ నుంచి కిటికీకి చేతులతో గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. కోడళ్ల సంగతి వస్తే చేతులు మరీ వేగంగా తిరిగేవి. పాడైన వడియాలు చూసి చాచీ నొచ్చుకుంది.

"మాజీ, హమారీ ఛత్ పో డాలో నా! ధూప్‌ఇచ్ ధూప్ హై!" అంటూ తమ మిద్దె వైపు చూపించింది, అక్కడ ఆరబెట్టుకోమని, అంతా ఎండేనని. వాళ్ల ఇంటి వెనక ఆడవాళ్ల కోసం కట్టిన మిద్దె ఒకటి ఉంది. చుట్టూ నిలువెత్తు గోడ. మగవాళ్లు అటు రారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ అందులో పడి కాగుతుంది.

నానమ్మ ఆ పూటంతా ఆలోచించింది. అన్నం కూడా ఆలోచిస్తూనే తింది. మర్నాడు నన్ను దగ్గరికి పిలిచింది.

"ఎండకి మడేమిటి, మైలేమిటిరా! ఎవరి డాబా మీద కాసినా సూర్యనారాయణమూర్తే కదా," అంది. నేను అడగలేదు, ఆవిడే చెప్పుకుంది. వెంటనే గొంతు తగ్గించింది. "ఈ సంగతి మీ నాన్నకి గాని, ముఖ్యంగా పంతులుగారికి గాని తెలిసిందో, నా పరువు మూసీలో కలుస్తుంది."

ఎందుకు కలవదు? నానమ్మ మడిని పూజారి తాత గుడికొచ్చే ప్రతివాళ్లకీ ఉదాహరణగా చెప్పేవాడు. "నిష్ఠ అంటే మా ఇంట్ల కిరాయికున్న అక్కది చూడుండ్రి, అగ్గి గూడ అడిగి ముట్టాలె," అనేవాడు. గుడిలో మొదటి తీర్థం ఆవిడకే. ఊరుగాని ఊళ్లో ఆవిడకున్న ఆస్తి ఆ గౌరవమొక్కటే. చేతిలో చెయ్యి వేయించుకుని, నా నోటికి తాళంగా సగం ఎండిన వడియం పెట్టింది. సగం ఎండిన పేల వడియం తిన్నవాడు రహస్యమే కాదు, రాజ్యం కూడా దాచగలడు.

అలా రోజూ మగవాళ్లు లేని వేళ చూసి, బుట్ట మీద గుడ్డ కప్పుకుని, నేనూ నానమ్మా సందు దాటేవాళ్లం. నాలుగడుగుల దూరానికి ఆవిడ దేశం సరిహద్దు దాటుతున్నట్టు అటూ ఇటూ చూసేది.

అంతా బాగానే ఉండగా వడియాలు తగ్గడం మొదలైంది. నానమ్మ వడియాలని లెక్కపెట్టేది కాదు, ముఖం చూసి గుర్తుపట్టేది. "ఆ మూలన బొద్దుగా కూర్చున్నది ఏదిరా? దాని పక్కన వంకరది?" అని అడిగేది. అక్కడ తడి మరక తప్ప ఏమీ లేదు. ఆ మిద్దె మీదికి చాచీ తప్ప మనిషి రాదు. నానమ్మ మిగిలినవి బుట్టకెత్తింది. ఇంటికొచ్చి, బుట్ట దించి, గోడ వైపు తిరిగి, చాలా చిన్న గొంతుతో, "బీబమ్మ ఇలాంటిదనుకోలేదురా. నమ్మకద్రోహం," అంది. చీపుళ్ల మీదా స్టవ్వుల మీదా ఢంకా బజాయించి వాడే మాటని ఆవిడ గొంతు తగ్గించి అనడం నేను మొదటిసారి విన్నాను. ఆ రోజు నుంచి కిటికీ సగమే తెరుచుకునేది. అటువైపు చాచీ చేతులు గాల్లో ఆగిపోయి, "క్యా హువా మాజీ?" అని తిరిగేవి. ఇటువైపు నానమ్మ బియ్యంలో రాళ్లు ఏరుకునేది. అయినా బుట్ట పోవడం మాత్రం మానలేదు. సగంలో ఉన్న వడియాల్ని వదిలెయ్యడం నానమ్మ వంశంలో లేదు.

సరిగ్గా అప్పుడే తాతకీ కష్టం వచ్చింది. నవాబు రోజూ చాచా మిద్దె మీద దిగడం మొదలుపెట్టాడు. మొదట్లో బాగానే ఉంది. చాచా చంకలో పెట్టుకుని తెచ్చేవాడు, చాయ్ తాగి పోయేవాడు. తర్వాత ఇది రోజువారీ వ్యవహారమైపోయింది. ఒక సాయంత్రం అరుగు మీద తాత తన చాయ్ ముట్టుకోలేదు.

"ఏం మియా, నా నవాబుకు ఏం పెడ్తున్నవ్? బాదం పెడ్తున్నవా? నెయ్యి ముద్దలు పెడ్తున్నవా?"

చాచా నవ్వాడు. "క్యా బాతాం కర్రే పంతులూ! కబూతర్ తుమారా, నీయత్ మేరీ ఖరాబ్? నీ పావురానికి బుద్ధి లేకపోతే నేనేం జేస్త?"

"ఊకెనే పోతదా రోజు? ఇంత పెద్ద పట్నంల దానికి నీ మిద్దె ఒక్కటే దొర్కిందా?"

"వాపస్ ఇస్తున్న గదా భాయ్! ఏనాడన్న ఉంచుకున్ననా?"

"చాయ్ కోసమే గుంజుతున్నవేమో! నాకేం ఎర్క! దగాకోరు పని!"

నా నోట్లో బిస్కెట్టు నోట్లోనే ఆగింది. చాచా ముఖంలో నవ్వు మెల్లిగా, మిద్దె మెట్లు దిగినట్టు దిగిపోయింది. సాసరు కింద పెట్టాడు.

"చూడు పంతులూ. ధోకా బయటోడు చేస్తడు. దగా ఇంటోడు చేస్తడు. నువ్వు నన్ను దగాకోరన్నవ్. అంటే ఇన్నొద్దులు నన్ను ఇంటోన్నే అనుకున్నవ్. గంతే చాలు నాకు." లేచి రెండడుగులు వేసి మళ్లీ తిరిగాడు. "రేపటి సంది అందరికి ఉన్న చట్టమే మనకు గూడ. నా మిద్దె మీద దిగిందంటే నాదే."

"నమక్‌హరామ్ పావురం!" అని తాత ఆకాశానికేసి అరిచాడు.

"దాన్నెందుకు తిడ్తవ్? నమక్‌హరామ్ అనాల్నంటే అది ముందుగాల ఉప్పు తినాలె. జొన్నలు తినేదానికి ఉప్పేంది?" అని చాచా తలుపు వేసుకున్నాడు.

మర్నాడు నవాబు వెళ్లాడు. వాపసు రాలేదు.

సందు చచ్చిపోయింది. అరుగు మీద చాయ్ లేదు, నాకు బిస్కెట్టు లేదు. ఆ సందులో ఇద్దరు మనుషులు ఎడమొహం పెడమొహంగా కూర్చోవడం మాటలు కాదు, మోకాళ్లు తగులుతాయి. అయినా కూర్చునేవారు. తాత అర్చనలో దేవుడి పేర్లు మర్చిపోయి, మధ్యలో పావురాల పేర్లు చదివేశాడు. చాచా ఒక పెళ్లికొడుక్కి గులాబీ అత్తరు బదులు ఇంకేదో ఇచ్చాడట. బారాత్‌లో గుర్రం ముందుకి కదలనంది. తాతకి అన్నం సయించలేదు. సాయంత్రం కాగానే మిద్దె ఎక్కి, "ఆ... ఆ... రా బిడ్డా" అని పిలిచేవాడు. ఎదురు మిద్దె మీద నవాబు గూట్లోంచి గుడ్లప్పగించి చూసేవాడు. మధ్యలో ఉన్నది ఒక సందు, అదీ చెయ్యి చాపితే అందేంత. అంత దూరాన్ని మళ్లీ నా జన్మలో చూడలేదు.

నాన్న ఒకరోజు చూడలేక, సగం వేళాకోళంగా అన్నాడు. "మా అమ్మని అడగండి పంతులుగారూ. ద్రోహం సంగతి ఆవిడకి తెలిసినంత ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. చీపురు నుంచి నాదాకా అందరినీ విచారించింది."

వేళాకోళం తాతకి అంటలేదు. "నిజమే. అక్క చెప్తే నాకు కబూల్." కబురు ఎదురింటికి పోయింది. "మాజీ బోలే తో మేరేకూ భీ మంజూర్," అని జవాబు వచ్చింది.

మర్నాడు పొద్దున మా వాకిట్లో కచేరీ కూర్చుంది. నానమ్మ పీట మీద. అటు తాత, ఇటు చంకలో నవాబుతో చాచా. ఎదురింటి గుమ్మం పరదా వెనక చాచీ గాజుల చప్పుడు. నానమ్మ ముఖం నిజంగా హైకోర్టు బల్లలా ఉంది.

"అక్కా, గీయన మందు పెట్టి నా బిడ్డను గుంజిండు," అన్నాడు తాత.

"అమ్మా, నేను పెట్టింది జొన్నలే. బాదం పెడ్తే నోరు బాదం వాసన రాదా? వాసన చూడుండ్రి!" అని చాచా నవాబు ముక్కుని తాత ముక్కు దగ్గర పెట్టాడు.

తాత పీల్చాడు. "నాకేం వాసన వస్తలేదు."

"నీకు చితి వాసన గూడ రాదు పంతులూ! ముక్కుల మొత్తం పొగాకే గదా!" చాచా నానమ్మ వైపు తిరిగాడు. "మాజీ, పుట్టినప్పటి సంది అత్తర్లలో ఉన్న. దీని నోట్ల నాకు అంతుపట్టని వాసనొకటి వస్తది. మిర్చి ఉన్నది, జీరా లేదు. ఇంకేందో ఉన్నది, గట్టి సరుకు, గీ గల్లీల రోజు తిరిగేదే, పేరు మాత్రం ఎర్క లేదు, నా దుకాణంల లేదు. మీరే చూడుండ్రి."

నవాబు ముఖాన్ని నానమ్మ ముందు పెట్టాడు. నానమ్మ వంగి పీల్చింది.

నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. తన ఊరి ఇంగువని ఆవిడ లోకంలో ఎక్కడున్నా గుర్తుపట్టగలదు. ఆవిడ కళ్లు ముందు నావైపు తిరిగాయి. తర్వాత ఎదురింటి పరదా వైపు తిరిగి, అక్కడే ఉండిపోయాయి. మూలన కూర్చున్న బొద్దు వడియం ఎటు పోయిందో, దాని పక్కన వంకరది ఎవరి కడుపులో ఉందో ఆవిడకి తెలిసిపోయింది. నవాబు ముందు ఆడవాళ్ల మిద్దె మీద విందు ఆరగించి, ఆ తర్వాత నిద్రకి చాచా గూటి మీద వాలుతున్నాడు. గోడ చాటు విందు మగవాళ్లిద్దరికీ కనబడలేదు.

ఇప్పుడు ఆవిడ ఒక్క మాటంటే చాలు. "పావురం ద్రోహం చేసింది" అంటే కేసు కొట్టేసినట్టే. పావురానికి వకీలు లేడు. ఆ మాట ఆవిడ నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండేదే. చీపురు మీద వేసింది, దోమతెర మీద వేసింది, సూర్యుడి మీద వేసింది. ఇంకొక్కసారి వేస్తే మడీ, పరువూ, మొదటి తీర్థమూ అన్నీ దక్కుతాయి. అందరూ ఆవిడ నోటికేసే చూస్తున్నారు. నేను నా నోరు రెండు చేతులతో మూసుకున్నాను, అందులోంచి వడియం వాసన వస్తుందేమోనని.

నానమ్మ పీట మీద నుంచి లేచింది.

"పంతులుగారూ, మీ నవాబు తిన్నది సాయిబుగారి బాదం కాదండి. నా పేల వడియాలు."

తాత అయోమయంగా మిద్దె వైపు చూశాడు. "మన మిద్దె మీద వడియాలెక్కడున్నయక్కా?"

"మన మిద్దె మీద కాదు. బీబమ్మ డాబా మీద. రోజూ అక్కడే ఎండబెడుతున్నాను."

 నవాబు గుర్రుమన్నాడు. నాన్న తన జేబులో దాచుకున్న ఉస్మానియా బిస్కెట్టు తీసి నోట్లో పెట్టుకున్నాడు, ఈ రోజు తనని పట్టించుకునేవారు లేరని ధైర్యమొచ్చి.

తాత గొంతు సవరించుకున్నాడు. "మొన్న ద్వాదశి పారణకు నాకు వేయించి పంపినవి..."

"అవే."

తాత తీరిగ్గా డబ్బీ తీశాడు. రెండు వేళ్లతో నశ్యం తీసి, ఒక పక్క పీల్చాడు, రెండో పక్క పీల్చాడు. నానమ్మ తల దించుకోలేదు గాని, చీర కొంగు మాత్రం వేళ్లకి చుట్టుకుంటూ పోయింది. తాత తుమ్మాడు.

"గందుకేనా అక్కా, గంత కరకరలాడినయ్!" అన్నాడు. "ఎన్కట మా ఆమె ఈ మిద్దె మీద ఎండబెడ్తే నమిలినా సాగుతుండె గని ఇరుగకపోతుండె! ఓ మియా, నీ మిద్దె మీద గింత ఎండ ఉందని ఏనాడన్న చెప్పినవారా నాకు?"

"నువ్వు అడిగినవా?" అన్నాడు చాచా.

అంతే. ముందు చాచా కడుపు కదిలింది, తర్వాత తాత భుజాలు కదిలాయి. ఇద్దరూ నవ్విన నవ్వుకి పావురాలన్నీ ఒక్కసారి లేచి హుస్సేనీ ఆలం మీద చుట్టు తిరిగాయి.

నానమ్మ మాత్రం నవ్వలేదు. సందు దాటి, ఈసారి అటూ ఇటూ చూడకుండా, పరదా దగ్గరికి పోయి, "బీబమ్మా, నేను నిన్ను అనుమానించానమ్మా. కడుపులో పెట్టుకో," అంది.

"క్యా బోల్రీ బేటా మాజీ?" అని చాచీ నన్నడిగింది.

"రేపటి నుంచి ఇంకో పళ్లెం ఎక్కువ తెస్తుందట," అని ఉర్దూలో చెప్పాను.

"హౌ మాజీ, హౌ! లాలో!" అని చాచీ సరేనని తలూపి నానమ్మ రెండు చేతులూ పట్టేసుకుంది. మడి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మర్నాడు గుడిలో మొదటి తీర్థం మళ్లీ ఆవిడకే ఇచ్చారు. తాత అందరికీ వినపడేట్టు, "అక్క చేతి వడియం తిన్న నోరు అబద్ధమాడదు, పావురం నోరైనా సరే," అని వ్యాఖ్యానం కూడా చేశాడు.

ఆ రోజు తీర్పు చెప్పింది నిజానికి చాచా. నవాబుని తాత చేతుల్లో పెడుతూ అన్నాడు. "వీడు ఉప్పు తిన్నడు పంతులూ. నీది గాదు, నాది గాదు. అమ్మ ఉప్పు. ఇగ వీడు అమ్మ మనిషి."

తర్వాత ప్రతి వేసవిలో నవాబుకి వేరే పళ్లెం పెట్టేవారు. అందులో ఇంగువ కొంచెం ఎక్కువే.

కొన్నేళ్లకి నాన్నకి మూసీ అవతల సర్కారు క్వార్టరు వచ్చింది. నాలుగు వైపులా ఖాళీ స్థలం, ఒంటి మీద పడేంత ఎండ. వచ్చిన రోజు నుంచీ ఆ సందుని తిట్టిపోసిన నానమ్మ, ట్రంకుపెట్టె తాడు తెగితే తాడు ద్రోహం చేసిందంది, టెంపో ఆలస్యమైతే టెంపో చేసిందంది. ఇల్లు మారుతున్న నాన్నని మాత్రం ఏమీ అనలేదు. చాచీ కిటికీలోంచి చేతులతో ఏదో చెప్పింది. నానమ్మ చేతులతో ఏదో చెప్పింది. ఆ ఒక్కసారి నేను అనువదించలేకపోయాను.

టెంపో కదిలే ముందు తాతా చాచా ఒక వెదురుబుట్ట తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టారు. లోపల నవాబు.

"ఉప్పు తిన్నోడు అమ్మ ఎంబడే ఉండాలె," అన్నాడు తాత, ముక్కు ఎగబీలుస్తూ. నశ్యమే కారణమని అందరం అనుకున్నాం.

కొన్నాళ్లు గూట్లోనే పెట్టి అలవాటు చెయ్యమన్నారు. నానమ్మ వినలేదు. "ఉప్పు తిన్నవాడికి బోనేమిటి?" అని మర్నాడే మూత తీసింది. నవాబు ఆవిడ అరచేతిలోంచి వడియం తిన్నాడు, పైజమా సర్దుకున్నాడు, గోడెక్కాడు, ఒక చుట్టు తిరిగాడు, తిన్నగా చార్మినారు వైపు పోయాడు.

మేమందరం నానమ్మ నోటికేసి చూశాం. నాన్నయితే చెవులు మూసుకోడానికి చేతులు కూడా ఎత్తాడు. ఆవిడ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవాబు చుక్కై మాయమయ్యేదాకా చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆ రోజు మా ఇంట్లో దేన్నీ ఎవరూ తిట్టలేదు. చారు మాడినా తిట్టలేదు. నాకు భయమేసింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ గేటు చప్పుడైంది. చూస్తే పూజారి తాతా చాచా. సిటీ బస్సులో నలిగి వచ్చారు. చాచా చంకలో నవాబు.

"దారితప్పి మా దిక్కు వచ్చిండమ్మా," అన్నాడు చాచా. "ఒప్పందం ప్రకారం అదే సాయంత్రం వాపస్ తెచ్చినం."

తాత మా కొత్త అరుగు మీద దర్జాగా కూర్చున్నాడు. "ఒప్పందంల ఇంకొకటి గూడ ఉండె గదక్కా?"

నానమ్మ వాళ్లని చూసింది. బస్సులో నలిగిన పావురాన్ని చూసింది. వంటింట్లోకి తిరిగి మా అమ్మని కేకేసింది. కాఫీ తప్ప ఇంకో పానీయం పొయ్యెక్కని మా ఇంట్లో ఆ పూట మొదటిసారి చాయ్ మరిగింది. రాజద్రోహానికి ఇన్నేళ్లూ శిక్ష అనుభవించిన నాన్న రెండు కప్పులు తాగాడు.

ఆ తర్వాత నవాబు ఎన్నిసార్లు పారిపోయాడో! ఎప్పుడు ఎగిరినా పాత సందుకే పోయేవాడు. ఎప్పుడు పోయినా సాయంత్రానికి ఇద్దరు ముసలివాళ్లు బస్సెక్కి తెచ్చేవారు. ఒక్కోసారి బురఖా సర్దుకుంటూ వెనక చాచీ కూడా దిగేది. నానమ్మ గూటి తలుపు వెయ్యడం మర్చిపోతోందని మొదట అనుకున్నాం. తర్వాత కనిపెట్టాం. వాళ్లమీద బెంగ పుట్టిన పొద్దున ఆవిడే మూత తీసి, నవాబు ఎగిరాక, మా అమ్మకి వినబడేట్టు అరిచేది.

"ఏమేవ్, నవాబు ద్రోహం చేశాడు! సాయంత్రానికి పాలు ఎక్కువ పోయించుకో!"

ఇప్పుడు నానమ్మ లేదు, తాత లేడు, చాచా చాచీ లేరు. ఆ సందులో మిద్దెల మీద మిద్దెలు లేచి, ఎండ రావడమే మానేసిందని విన్నాను. మా అపార్ట్‌మెంటు బాల్కనీకి పావురాలు రాకుండా వల కట్టించారు. అయినా ఏదో ఒకటి వల బయట కూర్చుని గుర్రుమంటుంది. నా చెయ్యి నాకు తెలియకుండానే పాలగిన్నె వైపు పోతుంది.

ఇవాళా పోయింది. నేను చేసిన ద్రోహం పెద్దదే కాబట్టి చాయ్‌లో అల్లం కాస్త ఎక్కువ దంచి వేశాను, రెండు కప్పులకి. పొంగు వచ్చేసరికి వాకిట్లో మా అమ్మాయి తాళం తిరిగిన చప్పుడైంది.